ట్రాంబోన్ వాయించే అమ్మాయికి యూనివర్సిటీలో కుర్చీ దొరుకుతుందా?

గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జార్చి ఊదే ఇత్తడి వాద్యం ట్రాంబోన్. దాని గురించి గాజువాక నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఎనిమిదో తరగతిలో స్కూలు బ్యాండులో ట్రాంబోన్ చేతికిచ్చారు, అప్పట్నుంచి వదలడం లేదు. అమెరికాలో ఎవరో ట్రాంబోన్ వాయిస్తూ యూనివర్సిటీలో మ్యూజిక్ ప్రొఫెసర్‌గా చేశారని చదివి, తనూ అదే చేస్తానంటోంది. ఇంజినీరింగ్ వద్దట. చుట్టాలు 'బ్యాండు మేళంలో చేరతావా' అని నవ్వుతున్నారు. అసలు ఇలాంటి ఉద్యోగం ఉందా? మన వైజాగ్ నుంచి దానికి దారి ఉందా? పళ్ళకు క్లిప్పులు కూడా ఉన్నాయి, వాయించొచ్చా?"

అమ్మా, ఉద్యోగం ఉంది. వైజాగ్‌లో మాత్రం లేదు, తెలుగు నేల మీద ఇంకెక్కడా కూడా నాకు కనబడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా నాన్న పూర్ణా మార్కెట్ వైపు ఒక పెళ్ళి బ్యాండులో కార్నెట్, అంటే చిన్న ట్రంపెట్ లాంటిది, ఊదేవాడు. నేను పదో తరగతి అవ్వగానే నేవీలో మ్యుజీషియన్‌గా చేరాను, ట్రాంబోన్ ఇచ్చారు. పదిహేనేళ్ళు చేసి బయటికొచ్చాక, వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పదకొండేళ్ళు విజిటింగ్ ఫ్యాకల్టీగా ఇత్తడి వాద్యాలు నేర్పాను. ఇప్పుడు మల్కాపురంలో మేడ మీద గదిలో పిల్లలకు చెప్పుకుంటున్నాను. మీ అమ్మాయి కోరుకుంటున్నది వాయించడం, చెప్పడం. రెండూ చేశాను. మొదటిదాంట్లో తృప్తి ఉంది. రెండోదాంట్లో ఒక వెలితి ఉంది, అదేంటో కింద చెబుతాను.

చుట్టాల నవ్వులు పట్టించుకోకండి. నవ్విన వాళ్ళింట్లో పెళ్ళికొడుకు ఊరేగింపు బ్యాండు లేకుండా వీధి మలుపు తిరిగిందేమో అడగండి. మా నాన్నకు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ ఒక్క ముక్క రాదు. రేడియోలో రెండుసార్లు విన్న పాట మూడోసారికి ఆయన కార్నెట్ మీద పలికేది. అంత విద్య ఉన్న మనిషి ఇంట్లో మూఢం వచ్చిందంటే పొయ్యిలో పిల్లి లేచేది కాదు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఆయన కార్నెట్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, పోర్టులో కూలిపనికి వెళ్ళేవాడు. ఆ నెలలు చూసే నన్ను నేవీకి పంపాడు. ఈ వృత్తిలో మూఢం లాంటి నెలలు ఏ దేశంలోనైనా ఉంటాయి. అవి వచ్చినప్పుడు ఇల్లెలా గడవాలో ముందే ఆలోచించుకున్నవాళ్ళు నిలబడతారు.

ఇప్పుడు ఆ అమెరికా ఉద్యోగం గురించి. అక్కడ యూనివర్సిటీలో ట్రాంబోన్ ప్రొఫెసర్ అంటే బోర్డు ముందు నిలబడి అరవైమందికి పాఠం చెప్పే మనిషి కాదు. ఒక్కో విద్యార్థినీ వారానికోసారి విడిగా కూర్చోబెట్టుకుని, గంటసేపు వాయించడం విని సరిదిద్దుతాడు. అందరినీ కలిపి బ్రాస్, అంటే ఇత్తడి వాద్యాల, బృందంగా వాయింపిస్తాడు. సాయంత్రాలు ఊళ్ళో ఉన్న ఆర్కెస్ట్రాలో తనే వెళ్ళి వాయిస్తాడు. తోటి అధ్యాపకులతో కలిసి రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, వీటన్నిటికన్నా పెద్దదీ కింది స్వరాలు పలికేదీ అయిన ఒక ట్యూబా, ఈ అయిదింటి క్వింటెట్ నడుపుతాడు. వాయించడం ఆపేసిన ప్రొఫెసర్ దగ్గరికి విద్యార్థి రాడు. షికాగో సింఫనీలో ఆర్నల్డ్ జేకబ్స్ అని ట్యూబా వాద్యకారుడు ఉండేవాడు, 1944 నుంచి 1988 దాకా అదే కుర్చీ. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠాలూ చెప్పేవాడు. ఊపిరి ఎలా తీసుకోవాలో ఆయన దగ్గర నేర్చుకోవడానికి ట్యూబా వాళ్ళే కాదు, ట్రంపెట్ వాళ్ళూ, హార్న్ వాళ్ళూ వరస కట్టేవాళ్ళు. కండరాల గురించి ఆలోచించకు, నీకు కావలసిన నాదాన్ని ముందు మనసులో విను, గాలి దాని వెంట పోతుంది అనేవాడట. మా నాన్నకు ఆయన పేరు కూడా తెలియదు, కానీ నాకు చెప్పిందీ అదే: "ముందు పాట లోపల పాడుకోరా, తర్వాత ఊదు."

అక్కడ ఆ ఉద్యోగాలు ఎందుకున్నాయో కూడా చూడాలి. ఇది ఎవరూ చెప్పరు. అమెరికాలో దాదాపు ప్రతి హైస్కూలుకీ ఒక బ్యాండు ఉంటుంది, ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మార్చింగ్ బ్యాండు ఉంటుంది. ఆ బ్యాండులకు టీచర్లు కావాలి, ఆ టీచర్లను తయారుచెయ్యడానికి యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలి. కింద స్కూళ్ళున్నాయి కాబట్టి పైన కుర్చీ నిలబడింది. మన దగ్గర స్కూలు బ్యాండు అంటే ఆగస్టు 15కీ, జనవరి 26కీ రెండు మార్చ్ పాటలు. ఆ రెండు పాటల కోసం యూనివర్సిటీలో ఎవరూ కుర్చీ వెయ్యరు. మీ అమ్మాయి చదివిన ఆ ప్రొఫెసర్ ప్రతిభ ఎంతున్నా, ఆ చెట్టు ఆ నేలలో మొలిచింది.

మన నేల సంగతికొస్తాను. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ నడిచేది కర్ణాటక సంగీతం. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలు దారి 55 శాతం మార్కులతో ఎంఏ, తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. నెట్‌లో మ్యూజిక్ పేపరు తీసి చూడండి: హిందుస్తానీ, కర్ణాటక, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు. ఇత్తడి వాద్యానికి గడి లేదు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో కళాకారులకు ఇంకో తలుపు తెరిచి పెట్టారు: డిగ్రీ ఉండి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలోనో దూరదర్శన్‌లోనో 'ఎ' గ్రేడ్ కళాకారులై, పాఠం వివరించి చెప్పగలిగితే చాలు. వినడానికి బాగుంటుంది. ఆ తలుపులోంచి ట్రాంబోన్ పట్టుకుని లోపలికి వెళ్ళినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

నా వెలితి ఇక్కడే ఉంది. నేను నేవీలో ఉండగానే సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ లండన్ వాళ్ళ ఎనిమిదో గ్రేడు పూర్తిచేసి, బయటికొచ్చాక డిప్లొమా కూడా పాసయ్యాను. ఆ యూనివర్సిటీలో పర్మనెంట్ పోస్టు ఇంటర్వ్యూకి వెళితే, బల్లకు అవతల ఉన్నాయన నా సర్టిఫికెట్లు తిరగేసి "మాస్టారూ, పీజీ ఎక్కడ?" అన్నాడు. అప్పటికి నేను ఆయన యూనివర్సిటీలోనే అయిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆయన ముందు వాయించి చూపించమన్నా వాయించేవాణ్ణి, అడగలేదు. తర్వాత ఆరేళ్ళు అదే గదిలో, క్లాసుకింత అని లెక్కకట్టే జీతం మీద. వేసవి సెలవులొస్తే పైసా లేదు. మా నాన్న మూఢం నాకు మే నెలలో వచ్చేది, అంతే తేడా. అంకెలు కావాలంటే: గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది, చాలాచోట్ల అంత ఇవ్వరు. పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి బేసిక్ 57,700తో మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. ఆ రెంటి మధ్య ఉన్న గోడ పేరు పీజీ. మీ అమ్మాయి ఆ గోడ దగ్గర నాలాగా నిలబడిపోకూడదు. నేను ఇంత పొడుగు జవాబు రాస్తున్నది అందుకే.

కాబట్టి నా సలహా చుట్టు తిరిగే సలహా. ఇంటర్ అయ్యాక మామూలు డిగ్రీలో చేర్చండి, వీలైతే మ్యూజిక్ ఒక సబ్జెక్టుగా ఉన్నదాంట్లో. దాంతోపాటు కర్ణాటక గాత్రం ఒక గురువు దగ్గర శ్రద్ధగా నేర్పించండి. ఎంఏ కర్ణాటకలో చేసి, నెట్ ఆ విభాగంలో రాయొచ్చు. ట్రాంబోన్ పక్కన నడుస్తూ ఉంటుంది, గ్రేడు పరీక్షలు ఏడాదికొకటి. "అమ్మాయి రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు కాదా?" అని మీరు అడగొచ్చు. ఒక పడవకి సీటు ఉంది, ఇంకో పడవ మీద మనసుంది. కొన్నాళ్ళు రెండూ కలిపి కట్టి నడపాల్సిందే. బీటెక్ చేస్తూ రోజుకు రెండు గంటలు ట్రాంబోన్ నిలబెట్టుకున్న పిల్లల్ని నేను చూడలేదు. డిగ్రీ చేస్తూ నిలబెట్టుకున్నవాళ్ళని చూశాను.

కర్ణాటక సంగీతానికీ ఈ ఇత్తడి గొట్టానికీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం చాలా పాతది. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్, ఆయన సోదరులు మద్రాసులో సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించేది వినేవారు. ఆ బాణీలు దీక్షితర్ మనసులో పడి, శంకరాభరణంలో సంస్కృత సాహిత్యంతో నొట్టుస్వరాలయ్యాయి, దాదాపు 40 దాకా ఉన్నాయి. తమ్ముడు బాలుస్వామి ఆ వాతావరణంలోనే వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆ తెల్లవాళ్ళ వాద్యమే నూరేళ్ళు తిరిగేసరికి మన పక్క విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఆయన 26 ఏళ్ళకే అక్కడి మహారాజావారి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కచేరీ చేస్తూ పాఠం చెప్పే జీవితం కావాలంటే షికాగో దాకా చూడనక్కర్లేదు, అరవై కిలోమీటర్ల దూరంలో ఉదాహరణ ఉంది. వాద్యం వేరు, అంతే.

ట్రాంబోన్‌కి ఇందులో ఒక మేలు కూడా ఉంది. ట్రంపెట్‌కి మూడు వాల్వులు. నొక్కితే స్వరం మెట్టు మీద నుంచి మెట్టు మీదికి దూకుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడం, కావాలంటే సగం నొక్కి, పెదాలు వంచి, నానా తంటాలు. ట్రాంబోన్ స్లయిడ్ మీద మెట్లు లేవు, ఏడు పొజిషన్లున్నా వాటి మధ్య ఎక్కడైనా ఆగొచ్చు, జారొచ్చు. వయొలిన్ తీగ మీద వేలు జారినట్టు. నేను పిల్లలకు మొదటి ఏడాది నొట్టుస్వరాలే ఇస్తాను, ఎందుకంటే అవి బ్యాండు కోసం పుట్టిన బాణీలు, గమకాల బాధ ఉండదు, లయ నిటారుగా ఉంటుంది. రెండో ఏడాది నుంచి మాయామాళవగౌళ రాగంలో వరసలు స్లయిడ్ మీద. గాత్రం తెలిసిన పిల్లలకు ఇది ఆరునెలల్లో అందుతుంది, తెలియని వాళ్ళకు ఎంతకీ అందదు. గురువు దగ్గర కూర్చోమన్నది నెట్ పరీక్ష కోసం మాత్రమే కాదని అర్థమైంది కదా. అన్నట్టు, శాక్సఫోన్ ఇత్తడితో చేసినా అది మా జాతి కాదు, రీడు పెట్టి ఊదే వాద్యం. పెళ్ళిళ్ళలో శాక్సఫోన్ చూసి "మీదీ ఇదే కదా" అంటే మాకు కొంచెం మంట.

నేవీ దారి గురించి అడగలేదు గానీ, గాజువాకలో ఉండి దాని గురించి చెప్పకపోతే ఎలా. తూర్పు నౌకాదళం బ్యాండు మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉంది. ఇప్పుడు మ్యుజీషియన్లను అగ్నివీర్ ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) కింద తీసుకుంటున్నారు, పదో తరగతి చాలు, పెళ్ళికాని అమ్మాయిలూ అర్హులే. వయసు నిబంధన ప్రతి నోటిఫికేషన్‌లో పుట్టినతేదీలతో ఇస్తారు, అది చూసుకోండి. శ్రుతి పట్టుకోవడం, లయ తప్పకపోవడం, ఒక పాట మొత్తం పాడటం, తెచ్చిన వాద్యం వాయించడం, ఇవీ పరీక్షలు. మొదటి ట్రైనింగ్ ఒడిశాలోని చిల్కాలో. మా రోజుల్లో పదిహేనేళ్ళ నౌకరీ, తర్వాత పెన్షన్. ఇప్పుడు నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు. జీతం మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000, అందులో కొంత పట్టుకుని, దిగేటప్పుడు సేవానిధి కింద పది లక్షల పైచిలుకు ఇస్తారు.

కొందరు తండ్రులు ఆ నాలుగేళ్ళ మాట వినగానే మొహం మాడ్చుకుంటారు. నా లెక్క వేరు. నాలుగేళ్ళు రోజూ ఆరేడు గంటలు వాద్యం చేతిలో ఉంటుంది, మంచి వాద్యం వాళ్ళే ఇస్తారు, సైట్ రీడింగ్, అంటే కాగితం చూడగానే వాయించడం, నిద్రలో లేపినా వచ్చేలా తయారుచేస్తారు, ఇరవై రెండేళ్ళకు చేతిలో పది లక్షలతో బయటికొస్తారు. ఆ డబ్బుతో చదువు మొదలుపెడితే అది దారే. చిక్కులూ ఉన్నాయి: ఏ వాద్యం ఇస్తారో వాళ్ళిష్టం, ట్రాంబోన్ పట్టుకుని వెళ్ళిన పిల్ల హార్న్ పట్టుకుని రావచ్చు. ఎండలో కవాతు ఉంటుంది. వాయించేది చాలావరకు మార్చ్‌లే. అదీగాక ఆ నాలుగేళ్ళలో డిగ్రీ వెనకబడుతుంది, అంటే నేను గుద్దుకున్న గోడే మళ్ళీ. నా మనవరాలైతే ముందు డిగ్రీ అంటాను. మీ ఇంటి పరిస్థితి నాకు తెలియదు కాబట్టి మీకు ఖాయంగా చెప్పను.

కవాతు అంటే గుర్తొచ్చింది. మిలిటరీ బ్యాండులో ట్రాంబోన్లను ముందు వరసలో నడిపిస్తారు, స్లయిడ్ చాపినప్పుడు ముందువాడి వీపులో గుచ్చుకోకుండా. చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ రోడ్డు మీద గొయ్యి ముందు మనకే తగులుతుంది. ఒక డిసెంబరు తెల్లవారుజామున బీచ్ రోడ్డులో రిహార్సల్. కళ్ళు బ్యాండ్ మాస్టర్ కర్ర మీద, కాలు విరిగిన డ్రైనేజీ మూత మీద. మౌత్‌పీస్ వచ్చి పై పెదవిని పంటికేసి కొట్టింది. ముందు పన్ను సగానికి విరిగింది. పాట ఆగలేదు, నేను మాత్రం ఆగిపోయాను. డాక్టరు క్యాప్ వేసి "అచ్చం పాత పన్నే" అన్నాడు. అద్దంలో అచ్చం పాతదే. మౌత్‌పీస్ పెట్టి ఊదితే గాలి తప్ప స్వరం లేదు. ఒక వెంట్రుకవాసి మందం తేడా, పదేళ్ళ సాధన మాయం.

ఎనిమిది నెలలు నన్ను బ్యాండు లైబ్రరీలో కూర్చోబెట్టి ఒక్కో వాద్యానికి స్వరాల కాగితాలు, అంటే పార్టులు, రాయించారు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు అద్దం ముందు మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. అంతకు ముందు పెదాలు ఎక్కడ బిగిస్తున్నానో, నాలుక ఎక్కడ తగులుతోందో, ఊపిరి పొట్టలోంచి వస్తోందో భుజాల్లోంచి వస్తోందో నాకు తెలియదు. వాయిస్తే వచ్చేది, అంతే. పోయాక ఒక్కోటీ వెతుక్కుని, పేరు పెట్టుకుని, వరసలో పేర్చుకోవాల్సి వచ్చింది. అదే సమయంలో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు "సార్, కింది బి ఫ్లాట్ స్వరం నాకు బొంగురుగా వస్తోంది, ఎందుకు?" అని అడిగాడు. అంతకు ముందైతే "బాగా ఊదు" అనేవాణ్ణి. ఆ రోజు వాడి గడ్డం పట్టుకుని, పళ్ళ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు వదలమన్నాను. స్వరం గంటలా పలికింది. నేను చెప్పిన మొదటి పాఠం అదే అనుకుంటాను. అప్పటికి నాకు వాయించడం రాదు, చూడండి.

అందుకే మీ అమ్మాయిని ఇప్పుడే, ఈ వయసులోనే, ఒక చిన్నపిల్లకు నేర్పించమనండి. వీధిలో ఎవరైనా సరే. తను ఏం చేస్తోందో మాటల్లో పెట్టాల్సి వస్తుంది. నేను కొత్తవాళ్ళకు అరచేతంత కాగితం గోడకు ఆనించి, చెయ్యి తీసేసి, ఊపిరితో పడిపోకుండా ఆపమంటాను. పెదాలు గుండ్రంగా, గాలి సన్నగా, ఆగకుండా. కొలిమి తిత్తిలా నిదానంగా. పదిహేను సెకన్లు కాగితం నిలిస్తేనే మౌత్‌పీస్ చేతికిస్తాను. గుర్రం తుమ్మినట్టు పెదాలు ఆడించడం ఆ తర్వాత. ఇంటిల్లిపాదీ నవ్వుతారు, నవ్వనివ్వండి.

విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే డిగ్రీ తర్వాత. అమెరికాలో మాస్టర్స్‌కి వాయించి చూపించాలి, బాగుంటే కొన్నిచోట్ల టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తారు, ఫీజు తగ్గుతుంది, బ్యాచిలర్స్ పిల్లలకు పాఠాలు చెప్పిస్తారు. అక్కడ ప్రొఫెసర్ పోస్టుకి చాలామంది డీఎంఏ అనే డాక్టరేట్ దాకా చదువుతారు. జర్మనీలో ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ఫీజు చాలా తక్కువ. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. జర్మన్ భాష రావాలి, ప్రవేశ పరీక్షలో వాయించి నెగ్గాలి.

ఆ రాష్ట్రంలోనే ట్రోసింగెన్ అనే ఊళ్ళో అబ్బీ కోనంట్ అనే ట్రాంబోన్ వాద్యకారిణి 1992లో ప్రొఫెసర్ అయింది. మీ అమ్మాయికి ఆమె కథ చెప్పండి. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా వాళ్ళు ట్రాంబోన్ పరీక్ష పెట్టారు. ఆమెకు వచ్చిన ఉత్తరంలో మగవాడనుకుని "హెర్" అని రాశారు. అభ్యర్థులు 33 మంది, తెర వెనక నిలబడి వాయించారు, ఆమెను ఎంచుకున్నారు. తెర తీశాక ఆడమనిషి. కొంతకాలానికే మొదటి ట్రాంబోన్ స్థానం నుంచి రెండో స్థానానికి దించారు, మొదటి స్థానానికి మగవాడే కావాలన్నారు. ఆమె కోర్టుకెక్కింది. ఊపిరి సరిపోతుందని రుజువు చేసుకోవడానికి ఊపిరితిత్తుల ఆసుపత్రిలో పరీక్షలు కూడా చేయించుకుంది. జీతం, హోదా అన్నీ మగవాళ్ళతో సమానంగా తెచ్చుకునేసరికి 13 ఏళ్ళు పట్టింది. ట్రాంబోన్ మగవాళ్ళ వాద్యం అని మీ చుట్టాలే కాదు, మహా మహా ఆర్కెస్ట్రాలే అనుకున్నాయి.

మన దేశంలో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006 నుంచి ఉంది, చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ 2008 నుంచి ఉంది. అక్కడ ఎవరైనా ట్రాంబోన్ వాద్యకారులతో సెలవుల్లో నాలుగు క్లాసులు ఏర్పాటు చేసుకోగలిగితే మంచిది. ఒక్కసారి మంచి నాదం పక్కన కూర్చుని వినాలి. యూట్యూబ్‌లో వినేది వేరు, గదిలో మన పక్కటెముకలకు తగిలేది వేరు.

చిల్లర విషయాలు కొన్ని, ఇవే ఎక్కువ పనికొస్తాయి. క్లిప్పులతో వాయించొచ్చు. ట్రాంబోన్ మౌత్‌పీస్ వెడల్పు, ట్రంపెట్ అంత గుచ్చుకోదు. క్లిప్పుల మీద డెంటిస్టు ఇచ్చే మైనం పెట్టుకోమనండి. తీసేసిన రోజు స్వరం కొంచెం మారుతుంది, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, ఏడవద్దని ముందే చెప్పండి. పరీక్షకో ఆడిషన్‌కో దగ్గర్లో మాత్రం తీయించకండి. చేతులు పొట్టిగా ఉండి ఆరు, ఏడు పొజిషన్లు అందకపోతే, బొటనవేలి దగ్గర ఎఫ్ ట్రిగ్గర్ ఉన్న ట్రాంబోన్ కొనండి. ఆరో పొజిషన్ దాకా చెయ్యి చాపాల్సిన కింది స్వరాలు అది నొక్కితే మొదటి పొజిషన్‌లోనే పలుకుతాయి. ఖరీదు ఎక్కువే, సెకండ్ హ్యాండ్ చూడండి. క్లెఫ్ అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు; స్కూల్లో ట్రెబుల్ క్లెఫ్‌లో నేర్పి ఉంటే ఇప్పుడే బాస్ క్లెఫ్‌కి మార్చండి, తర్వాత టెనర్ క్లెఫ్. ఆడిషన్లలో కాగితం ఈ రెండింటిలోనే ఉంటుంది.

సాధన ఏకబిగిన రెండు గంటలు వద్దు. పెదాలు కూడా కండరాలే. ఇరవై నిమిషాలు ఊది, అంతసేపు ఆపి, మళ్ళీ. కింది ఫ్లాట్ వాళ్ళతో గొడవొస్తే చప్పుడు తగ్గించే ప్రాక్టీస్ మ్యూట్ దొరుకుతుంది, కానీ రోజంతా దాంతోనే ఊదితే నాదం బిగుసుకుపోతుంది.

ఆర్కే బీచ్‌లో సూర్యోదయం వేళ వాయిస్తానని అడుగుతుంది, పిల్లలందరూ అడుగుతారు. ఒప్పుకోకండి. ఇసుక రేణువు ఒక్కటి స్లయిడ్ లోపలికి పోయిందా, గీత పడుతుంది, ఆ గీత జీవితాంతం చేతికి తగులుతుంది. మన ఊరి ఉప్పుగాలి సంగతి మీ ఇంటి కిటికీ ఊచలే చెబుతాయి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. లోపల చెమ్మ, ఎంగిలి నిలిచిపోతే జింకు కరిగిపోయి గొట్టం మీద గులాబీ రంగు మచ్చలు లేస్తాయి. ఆ మచ్చ కనబడిందంటే ఆ చోట గొట్టం లోపల్నుంచి తినేసినట్టే. వాయించాక నీళ్ళు వంచెయ్యడం, వారానికోసారి గోరువెచ్చని నీళ్ళతో లోపల కడగడం, మెత్తని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టడం. సొట్ట పడితే బిందెలు బాగుచేసే చోటికి తీసుకెళ్ళకండి. నేను ఒకసారి తీసుకెళ్ళాను. ఆయన చక్కగా సుత్తితో సరిచేసి, మెరిపించి ఇచ్చాడు, స్లయిడ్ మళ్ళీ కదల్లేదు.

ఎప్పుడైనా మల్కాపురం వైపు తీసుకొస్తే ఒకసారి వింటాను. ఆటోలో వచ్చేటప్పుడు స్లయిడ్ లాక్ వేసుందో లేదో చూసి, పెట్టె సీటు వెనక పెట్టకుండా ఒళ్ళో పెట్టుకోమనండి.